చూసిన సినిమా గురించి అవతలివాళ్లకి పనికొచ్చేలా చెప్పడం ఎలా

సోమవారం పొద్దున్న ప్రేయర్ బెల్ కొట్టేదాకా మా స్టాఫ్ రూమ్‌లో నడిచేవి సినిమా కబుర్లే. నేను విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. శని, ఆదివారాల్లో థియేటర్లోనో ఓటీటీలోనో ఏదో ఒకటి చూస్తానని అందరికీ తెలుసు. అందుకే "మేడం, ఎలా ఉంది? వెళ్లొచ్చా?" అని నన్నే అడుగుతారు. ఆ ప్రశ్న వెనక చాలా లెక్కలుంటాయి. ఇంటిల్లిపాదీ మల్టీప్లెక్స్‌కి వెళ్తే టిక్కెట్లు, పాప్‌కార్న్, పార్కింగ్ కలిపి వెయ్యి రూపాయలు దాటిపోతాయి. దొరికే ఒక్క ఆదివారం కూడా అందులోనే పోతుంది. అలాంటప్పుడు "బాగుంది", "ఒకసారి చూడొచ్చు", "సెకండాఫ్ కొంచెం లాగ్" అని ఊరుకుంటే అడిగినవాళ్ల చేతికి ఏమీ అందదు. మన మాట నమ్మి వాళ్లు డబ్బూ టైమూ పెడుతున్నారు, కాబట్టి కాస్త పని పెట్టుకుని చెప్పాలి. నేను పాటించేవి, మా పిల్లలకి శనివారం చివరి పీరియడ్‌లో నేర్పేవి ఇక్కడ రాస్తున్నాను.

హాల్లోంచి బయటికి వస్తూనే

లైట్లు వెలగగానే అందరం ఫోన్ తీస్తాం. అప్పుడు రేటింగుల జోలికి వెళ్లకండి. నోట్స్ తెరిచి మూడు ముక్కలు రాసుకోండి: మనసులో నిలిచిపోయిన సీను ఒకటి, ఇబ్బంది పెట్టింది ఒకటి, అర్థం కానిది ఒకటి. పూర్తి వాక్యాలు అక్కర్లేదు. "వంటింట్లో తల్లి ఒక్కతే ఉన్న సీను", "ఇంటర్వెల్ ముందు ఫైట్ ఎందుకు?" అన్నంత చాలు. రాసుకోకముందే 2.75 అనే అంకె కంటబడిందంటే, మనకి నచ్చిన సీను కూడా ఆ 2.75లోంచే కనపడటం మొదలవుతుంది. రెండు రోజులయ్యాక మనకి అనిపించింది ఏదో, ఎక్కడో చదివింది ఏదో తేల్చుకోలేం.

ఇంటర్వెల్‌లో తీర్పులు పంపకండి. మొదటి సగంలో విసుగు పుట్టించిన సీనే చివరికి అసలు సంగతి కావచ్చు. టైటిల్స్‌లో దర్శకుడి పేరుతో పాటు కెమెరా, ఎడిటింగ్, మాటలు ఎవరివో కూడా చూసి పెట్టుకుంటే మంచిది. ఫలానా రచయిత మాటలు మీకు నచ్చుతాయని తెలిస్తే తర్వాతి సినిమా ఎంచుకోవడం సులువవుతుంది.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. హాల్లో ఏసీ పనిచెయ్యకపోయినా, వెనక సీట్లో ఎవరో ఫోన్ మాట్లాడుతున్నా, ఆకలేస్తున్నా ఆ చిరాకంతా సినిమా మీదకి పోతుంది. అలాంటి రోజు చూసిన సినిమా గురించి ఎవరైనా అడిగితే ఆ మాట కూడా కలిపే చెప్పండి. "మేము చూసిన హాల్లో సౌండ్ బాలేదు, డైలాగులు సగం వినపడలేదు" అంటే అవతలివాళ్లు వేరే హాల్లో బుక్ చేసుకుంటారు.

బాగా ఏడిపించిన సినిమా అయితే ఒక రాత్రి నిద్రపోయి పొద్దున్న చెప్పండి. పొద్దున్నకి కూడా ఆ సీను కళ్లముందు ఉంటే అది నిజంగా పట్టుకున్నట్టే.

అడుగుతున్నది ఎవరు?

నా దృష్టిలో మొత్తం విషయంలో ముఖ్యమైనది ఇదే. ఒకే సినిమా గురించి అమ్మకి ఒకలా, తొమ్మిదో తరగతి పిల్లాడి తల్లికి ఒకలా, మా సైన్స్ మాస్టారికి ఒకలా చెప్పాల్సి వస్తుంది. అభిప్రాయం మారదు. వాళ్లకి తెలియాల్సిన వివరం మారుతుంది.

2023లో వేణు యెల్దండి తీసిన 'బలగం' గురించి మా స్కూల్లో ఒక మాస్టారు అడిగారు. ఆయన నాన్నగారు పోయి అప్పటికి ఏడాది కూడా తిరగలేదు. "అందరూ బావుందంటున్నారు, ఆదివారం పెట్టుకుని చూద్దామనుకుంటున్నాను మేడం" అన్నారు. నాకు ఎంతో ఇష్టమైన సినిమా అది. అయినా "తప్పకుండా చూడండి సార్" అనేసి ఊరుకోవాలనిపించలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను: "కథ ఒక పెద్దాయన చావుతో మొదలవుతుంది సార్. చావింటి తంతు, రోజుల కార్యక్రమాలు, పిట్టకి పెట్టడం, అది ముట్టకపోవడం, అన్నీ వివరంగా చూపిస్తారు. నవ్వించే సీన్లు కూడా ఉన్నాయి. చివర్లో ఒక పాట ఉంది, దానికి కళ్లనీళ్లు ఆపుకోవడం కష్టం. బావాబావమరుదుల పంతాలు, అన్నదమ్ముల దూరాలు అసలు విషయం. ఒక్కరే కూర్చుని చూడకండి." ఆయన ఆ ఆదివారం చూడలేదు. సంవత్సరీకానికి అన్నదమ్ములంతా ఊళ్లో కలిసినప్పుడు అందరూ కూర్చుని చూశారట. వచ్చాక చాలాసేపు ఆ సినిమా గురించే మాట్లాడారు. తెలంగాణ పల్లెల్లో కూడా ఆ సినిమాని ఊరుమ్మడిగా తెరలు కట్టుకుని చూశారు. పదిమంది కలిసి చూస్తేనే దాని బలం తెలుస్తుంది, అందుకే ఎవరితో కలిసి చూడాలో కూడా చెప్పాలంటాను.

అదే సినిమా గురించి మా అమ్మకి చెప్పింది వేరు. "మొదటి పది నిమిషాలు యాస కొత్తగా ఉంటుందమ్మా, కొన్ని మాటలు అందవు, తర్వాత అలవాటైపోతుంది, ఆపెయ్యకు" అన్నాను. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి పెరిగిన మనిషికి ముందు తెలియాల్సింది అదే.

పిల్లలున్నవాళ్లు అడిగితే సెన్సార్ సర్టిఫికెట్ సంగతితో మొదలుపెట్టండి. ఇదివరకు యూ/ఏ, అంటే చిన్నపిల్లలు పెద్దల సలహాతో చూడాల్సినది, అని ఒక్కటే ఉండేది. 2024 చివరి నుంచి దాన్ని యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని మూడు చేశారు. సినిమా మొదట్లో ఆ కాగితం తెర మీద పడుతుంది, ఈసారి గమనించండి. కానీ అంకె ఒక్కటే చాలదు, ఎందుకు అన్నది మనం చెప్పాలి. "కొంచెం వయొలెన్స్ ఉంది" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "నరకడం దగ్గర్నుంచి చూపిస్తారు, ఇంటర్వెల్ ముందు ఒక సీను, క్లైమాక్స్ మొత్తం" అంటే తల్లిదండ్రులు తేల్చుకుంటారు. బూతులు, మందు సీన్లు, పడగ్గది సీన్లు, ఏవి ఉంటే అవి మొహమాటం లేకుండా పేరుపెట్టి చెప్పండి.

2025 మార్చిలో వచ్చిన 'కోర్ట్' అప్పుడు మా పదో తరగతి పిల్లల తల్లులు ఇద్దరు ముగ్గురు అడిగారు. 2013లో మన విశాఖలోనే జరిగినట్టు తీసిన కథ. మైనర్ అమ్మాయిని ప్రేమించిన కుర్రాడి మీద పోక్సో (పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) కేసు పెడతారు. రక్తపాతం, అసభ్యమైన సీన్లు ఉన్నాయేమోనని వాళ్ల భయం. వాటి గురించి చెప్పి, ఇంకో మాట కలిపాను: "చూశాక పాప మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతుంది. ఆ చట్టం ఏమిటి, వయసు లెక్క ఏమిటి అని. సమాధానం చెప్పే ఓపికతో వెళ్లండి." నేనైతే ఆ వారం మా క్లాసులో పోక్సో చట్టం 2012లో ఎందుకు వచ్చిందో, 18 ఏళ్ల గీత ఎక్కడుందో చెప్పాను. సినిమా చూసినవాళ్లు కూడా శ్రద్ధగా విన్నారు.

పెద్దవాళ్లకి నిడివి చెప్పండి. మూడు గంటల సినిమా అంటే మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది పెద్ద విషయం. సౌండ్ హోరు, చీకట్లో మెట్లు, సబ్‌టైటిల్స్ వేగం కూడా అంతే.

కథ ఎంతవరకు చెప్పాలి

నాకో గీత ఉంది. కథలో సమస్య ఏమిటో తెలిసేదాకా చెప్తాను, ఆ సమస్యని ఎవరు ఎలా తీర్చారన్నది చెప్పను. '35 చిన్న కథ కాదు' అయితే ఇలా: తిరుపతిలో ఒక కుటుంబం. పెద్దబ్బాయికి లెక్కలు రావు. రాకపోవడం కూడా కాదు, వాడికో సందేహం ఉంది. సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అయిపోయింది? దానికి ఒప్పుకునే సమాధానం దొరికేదాకా వాడు ముందుకి కదలడు. తల్లి పదో తరగతి తప్పి చదువు ఆపేసిన మనిషి. ఇక్కడ ఆపెయ్యాలి. తల్లి ఏం చేసింది, పిల్లాడు 35 తెచ్చుకున్నాడా లేదా అన్నది చూసేవాళ్లకి వదిలెయ్యాలి.

మలుపులున్న సినిమాలకి ఈ గీత కూడా చాలదు. 'కేరాఫ్ కంచరపాలెం' 2018లో వచ్చింది. మాకు పక్కనే ఉన్న పేట, తెర మీద కనపడే మనుషుల్లో చాలామంది అక్కడివాళ్లే, అంతకుముందు నటించనివాళ్లు. నాలుగు ప్రేమకథలు నడుస్తాయి, వయసులు వేరు, మతాలు వేరు. దాని గురించి నేను అంతవరకే చెప్తాను. "చివర్లో మామూలు ట్విస్ట్ కాదు" అని కూడా అనను. ఆ ఒక్క మాట చాలు, చూసేవాళ్లు మొదటి నిమిషం నుంచీ దాన్నే వెతుక్కుంటూ కూర్చుంటారు, ఆ మనుషుల్ని చూడరు. గట్టిగా అడిగితే "మధ్యలో లేవకుండా చివరిదాకా ఉండండి" అంటాను. అంతే.

ఫ్యామిలీ గ్రూపుల్లో రాసేటప్పుడు మొదటి వరసలోనే "చూడనివాళ్లు చదవొద్దు" అని పెట్టి, నాలుగు ఖాళీ వరసలు వదిలి రాయండి. నోటిఫికేషన్‌లో మొదటి వరస అందరికీ కనపడుతుంది కదా.

నచ్చడానికి కారణం చూపించండి

శనివారం పీరియడ్‌లో మా ఎనిమిదో తరగతి గుంటడు ఒకడు లేచి "హీరో యాక్టింగ్ సూపర్ టీచర్" అన్నాడు. "ఏం చేశాడు?" అని అడిగాను. "బాగా చేశాడు." "ఏ సీన్లో?" ఆలోచించాడు. "వాళ్ల నాన్న తిడుతుంటే ఏం మాట్లాడకుండా చొక్కా గుండీ తిప్పుతూ ఉంటాడు టీచర్." క్లాసంతా నిశ్శబ్దం, అందరికీ ఆ సీను గుర్తొచ్చింది. అదీ అభిప్రాయమంటే, పిల్లాడి నోట్లోంచి ఎంత బాగా వచ్చిందో చూడండి. అప్పట్నుంచి మా క్లాసులో ఒక నియమం పెట్టాను. "సూపర్" అనొచ్చు, కానీ వెంటనే ఒక సీను చెప్పాలి. ఆ సీన్లో చెయ్యో, చూపో, గొంతో, వెనక వినపడే చప్పుడో ఏదో ఒకటి పట్టుకుని చెప్పాలి.

"స్లో" అన్న మాటకి కూడా ఇదే నియమం. ఎక్కడ స్లో? అక్కడ ఏం జరుగుతోంది? కొన్ని సినిమాల్లో మనుషుల మధ్య మౌనం చూపించడానికి నిదానంగా తీస్తారు, అది నచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. కొన్నిట్లో చెప్పిందే మళ్లీ చెప్పడం వల్ల స్లో అవుతుంది. రెంటికీ ఒకే మాట వాడితే మొదటిరకం సినిమాలకి అన్యాయం జరుగుతుంది, నాకు అది నిజంగా బాధ.

నటన గురించి చెప్పాలంటే ఒకే నటుణ్ని రెండు చోట్ల పక్కపక్కన పెట్టి చూడటం మంచి పద్ధతి. 2024 జనవరిలో వచ్చిన '90'స్' సిరీస్‌లో శివాజీ లెక్కల మాస్టారు. పైసా పైసా చూసుకునే తండ్రి, పిల్లల మార్కుల దగ్గర కఠినం. 'కోర్ట్'లో ఆయనే మంగపతి. పరువు పిచ్చి పట్టిన మనిషి, ఇంట్లో ఆడపిల్లలు ఎలా ఉండాలో తనే తేల్చాలనుకుంటాడు. ఇద్దరూ ఇంట్లో మాట చెల్లాలనుకునే పెద్దమనుషులే. మరి ఒకరి కోపం చూస్తే మన నాన్న గుర్తొస్తాడు, ఇంకొకరి కోపం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. నాకు కనపడింది ఏమిటంటే, మాస్టారు కోప్పడ్డాక ఆ ఇంట్లోవాళ్లు మళ్లీ మామూలుగా తింటారు, నవ్వుకుంటారు. మంగపతి గదిలోకి వస్తే చాలు, ఇంట్లోవాళ్ల భుజాలు బిగుసుకుంటాయి. నటన ఒక్క మొహంలోనే ఉండదు, చుట్టూ ఉన్నవాళ్లు ఎలా ఉన్నారో కూడా చూసి చెప్పండి.

ఈ విద్యలో నాకు మా అమ్మే గురువు. 1957 నాటి 'మాయాబజార్' ఆవిడ చిన్నప్పుడు టూరింగ్ టాకీస్‌లో చూసింది. సావిత్రి బాగా చేసిందని ఊరికే అనదు. లేచి నిలబడుతుంది. "శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడు కదా, ఇదిగో ఇలా" అని మెడ కాస్త లోపలికి తీసి, భుజాలు వెడల్పు చేసి, రెండు అడుగులు బరువుగా వేసి చూపిస్తుంది. 'అహ నా పెళ్ళియంట' పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు వచ్చే చోట సావిత్రి మొహం ఎలా మారిందో కనుబొమ్మలు ఎత్తి చూపిస్తుంది. ఘటోత్కచుడిగా వేసిన ఎస్వీ రంగారావు నడక సావిత్రిలోకి ఎలా వచ్చిందో అమ్మ అడుగులు చూస్తే మా అమ్మాయికి ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. ఆ రాత్రే కూర్చుని సినిమా మొత్తం చూసింది. మీ ఇళ్లలో పెద్దవాళ్లని అడిగేటప్పుడు "ఏ సినిమా ఇష్టం?" అని ఆపకుండా "ఏ సీను? చేసి చూపించు" అని అడగండి.

సిరీస్‌ల సంగతి

సిరీస్ గురించి చెప్పేటప్పుడు ఎన్ని ఎపిసోడ్లు, ఒక్కోటి ఎంతసేపు, మీరు ఎక్కడిదాకా చూశారు, ఈ మూడూ ముందు చెప్పండి. '90'స్' ఆరు ఎపిసోడ్లే, ఆదివారం ఒక్కరోజులో అయిపోతుంది. అదే నాలుగు సీజన్లున్నది అయితే అది నెలల వ్యవహారం. రెండు ఎపిసోడ్లు చూసి ఆపేసినా అభిప్రాయం చెప్పొచ్చు, ఆపేశానన్న మాట దాచకూడదు, అంతే. ఏ భాషలో చూశారో, డబ్బింగా, సబ్‌టైటిల్సా అన్నది కూడా అవసరం. మలయాళం సిరీస్‌ని తెలుగు డబ్బింగ్‌లో చూసి "మాటలు కృతకంగా ఉన్నాయి" అంటే ఆ తప్పు ఒరిజినల్‌ది కాకపోవచ్చు. ఒకటిన్నర స్పీడులో చూసినవాళ్లు ఎడిటింగ్ గురించి, నేపథ్య సంగీతం గురించి మాట్లాడకపోవడమే న్యాయం.

మాటామాటా వచ్చినప్పుడు

హీరో అభిమానులతో వాదన వస్తుంది, తప్పదు. మా స్టాఫ్ రూమ్‌లో కూడా వస్తుంది. అప్పుడు నేను అడిగే ప్రశ్న ఒక్కటే: "మీకు ఏ సీను నచ్చింది సార్?" ఆ ప్రశ్నకి గొంతులు తగ్గుతాయి. ఆయన సీను చెప్తారు, నేను నాకు నచ్చనిది చెప్తాను, ఎక్కువసార్లు ఇద్దరం చెప్తున్నవి వేరు వేరు సీన్లని తెలుస్తుంది. కలెక్షన్ల లెక్కలు మధ్యలోకి తెస్తే మాత్రం మర్యాదగా పక్కన పెట్టండి. ఎన్ని కోట్లు వచ్చాయన్నది నిర్మాత సంగతి, మన ఇద్దరికీ ఏమనిపించిందన్నది దాంతో తేలదు. "ఇది నచ్చిందా మీకు?" అన్న ఆశ్చర్యం మొహంలో కనపడనివ్వకండి. అలా ఒకసారి చూస్తే ఆ మనిషి మళ్లీ మనతో మనసులో మాట చెప్పడు. పిల్లల దగ్గరైతే మరీ జాగ్రత్త.

నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. తీసినవాళ్లని, చేసినవాళ్లని, ముఖ్యంగా హీరోయిన్ల ఒళ్లు, రంగు గురించి మాట్లాడకుండా ఎంత గట్టిగానైనా చెప్పొచ్చు. "ఆ పాత్రకి రాసిన మాటలు రెండే, అవి కూడా హీరోని పొగడటానికే" అంటే అది సినిమా మీద విమర్శ. దానికి ఎవరూ తప్పుపట్టలేరు.

చిన్న సినిమాకి టైము ముఖ్యం

పెద్ద హీరో సినిమా గురించి మీరు వారం తర్వాత చెప్పినా ఏమీ కాదు. చిన్న సినిమాకి అంత టైము లేదు. శుక్రవారం వస్తుంది, శని ఆదివారాలు జనం రాకపోతే సోమవారం నుంచి షోలు తీసేస్తారు. 1980లో 'శంకరాభరణం'కి మొదటి రోజుల్లో హాళ్లు పలచగా ఉండేవని, చూసినవాళ్లు చెప్పుకోగా చెప్పుకోగా నిండాయని అమ్మ తరంవాళ్లు ఇప్పటికీ చెప్తారు. ఇప్పుడు అంత ఓపిగ్గా ఆడించే హాళ్లు తక్కువ. కాబట్టి చిన్న సినిమా నచ్చితే ఆ రాత్రే చెప్పండి. "మంచి సినిమా, అందరూ సపోర్ట్ చెయ్యండి" అని రాస్తే ఎవరూ కదలరు. ఏ హాలు, ఏ షో, టిక్కెట్ ఎంత, నచ్చిన ఒక్క సీను, ఎవరికి నచ్చుతుంది, ఈ ఐదూ రాయండి. జగదాంబ జంక్షన్ దగ్గర సాయంత్రం ఆరున్నర షో అని రాస్తే అటువైపు పని ఉన్నవాళ్లు వెళ్తారు.

నచ్చింది కదా అని హాల్లో ఫోన్ ఎత్తి ఆ సీను రికార్డు చేసి గ్రూపులో పెట్టకండి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. హాల్లో రికార్డు చేస్తే కనీసం మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం మూడు లక్షల రూపాయల జరిమానా పడొచ్చు. మా పిల్లలకి ఇది క్లాసులో బోర్డు మీద రాసి చెప్పాను, ఎందుకంటే స్టేటస్‌లో పెట్టేది ఎక్కువగా వాళ్లే. టిక్కెట్ ఫోటో పెట్టి, కింద సీను గురించి రెండు వాక్యాలు మీ మాటల్లో రాయండి. ఎవరైనా "ఏ హాల్లో?" అని అడిగితే సాయంత్రం దాకా ఆగకుండా అప్పుడే జవాబివ్వండి, ఆదివారం ఫస్ట్ షోకి టిక్కెట్లు ఇంకా దొరుకుతాయి.